ఉల్లిపొరల నెట్‌వర్కు – నెలకో మెట్టు

నెలాఖరుకి స్టేటస్ రిపోర్టు రాయడం మనలో చాలామందికి అలవాటే. రాసేవారికి విసుగు, చదివే మేనేజరుకి తొందర! నేను మాత్రం ఇష్టంగా చదివే నెలవారీ రిపోర్టు ఒకటుంది. అది ‘టార్’ సాఫ్ట్‌వేర్‌ది.

అసలు టార్ ఏం చేస్తుంది? ఒక ఉత్తరాన్ని కవరులో కవరు పెట్టి, మూడు కవర్లలో పంపామనుకోండి. దారిలో మూడు రిలేలు ఒక్కో కవరు విప్పుతాయి. మొదటి రిలేకి పంపినవారెవరో తెలుసు, చేరవలసిన చోటు తెలియదు. మూడోదానికి చోటు తెలుసు, పంపినవారు తెలియరు. మధ్యదానికి రెండూ తెలియవు. 1990లలో అమెరికా నేవీ పరిశోధనశాలలో పుట్టిన ఈ ఆలోచనతో చేసిన టార్ కోడ్‌ను 2003లో అందరికీ విడుదల చేశారు.

ఆ కోడ్ ‘సి’ భాషలో రాసినది. సిలో మెమరీ పొరపాట్లు ఎంత సులువుగా దొర్లుతాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. మన ప్రోగ్రాములో బగ్ ఉంటే కస్టమరు ఫోన్ చేస్తాడు. టార్‌లో బగ్ ఉంటే, ఎక్కడో ఒక విలేఖరి ఎవరో ప్రభుత్వానికి తెలిసిపోవచ్చు. అందుకే 2020లో ‘ఆర్టి’ పేరుతో దాన్ని ‘రస్ట్’ భాషలో తిరగరాయడం మొదలుపెట్టారు. అలాంటి పొరపాట్లలో చాలావాటిని రస్ట్ కంపైలరే ఒప్పుకోదు. 2022 సెప్టెంబరులో 1.0.0 వచ్చింది. తర్వాత సుమారు నెలకొకటిగా వచ్చిన విడుదలల్లో నిషేధాలు దాటించే బ్రిడ్జిలు, ఆపైన ఆనియన్ సర్వీసులు చేరాయి. వీటి రిపోర్టుల్లో ఆర్భాటం ఉండదు. ఏది సరిచేశారో, ఏది ఇంకా మిగిలిందో ఉన్నదున్నట్టు రాస్తారు.

ఒక్క హెచ్చరిక. టార్ మంత్రం కాదు. దానిలోంచి మీ సొంత పేరుతో లాగిన్ అయితే మిమ్మల్ని మీరే చెప్పుకున్నట్టు! సైటుకి హెచ్‌టీటీపీఎస్ లేకపోతే చివరి రిలే మీ సమాచారం చదవగలదు. కొన్ని దేశాల్లో టార్‌పై ఆంక్షలున్నాయి. గల్ఫ్‌లో ఉన్నవారు ముందుగా అక్కడి చట్టం తెలుసుకోవాలి.

ఆంక్షలు లేనిచోట ఉన్నవారు చేయగల చిన్న సాయం ఉంది. బ్రౌజరులో ‘స్నోఫ్లేక్’ ఎక్స్‌టెన్షన్ పెట్టుకుంటే, టార్‌ను నిషేధించిన చోట ఉన్నవారికి మీ కంప్యూటరు తొలి మెట్టవుతుంది. 2022లో ఇరాన్‌లో ఆందోళనలప్పుడు ఎందరో ఈ దారినే బయటి ప్రపంచాన్ని చూశారు. వారు చూసే సైట్లకు మీ చిరునామా కనబడదు. ఖర్చు, మీ బ్యాండ్‌విడ్త్‌లో కాస్త.