లార్జ్ ఫార్మాట్ లెన్స్‌కి క్యాప్ దొరకట్లేదా? 3డీ ప్రింట్ నుంచి పీవీసీ ఎండ్ క్యాప్ దాకా నేను ట్రై చేసినవి ఇవే

ఫోన్ కెమెరాకి లెన్స్ క్యాప్ ఉండదు. డీఎస్ఎల్ఆర్ క్యాప్ పోతే ఆన్‌లైన్‌లో 150 రూపాయలు పెడితే రెండ్రోజుల్లో ఇంటికొచ్చేస్తుంది. అందుకే లెన్స్ క్యాప్ మీద ఒక పూర్తి ఆర్టికల్ రాస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. మా తాతయ్య లెన్స్ మీద నా వల్ల మచ్చ పడేదాకా.

తాతయ్యది తెనాలి. అక్కడే ముప్పై ఏళ్లకు పైగా ఫొటో స్టూడియో నడిపారు. ఆయన కెమెరా కేరళలోని అలప్పుజలో తయారైన వాగీశ్వరి. టేకు చెక్క బాడీ, ఇత్తడి ఫిట్టింగులు, అకార్డియన్‌లా సాగే బెల్లోస్. హాఫ్ ప్లేట్ సైజు, అంటే నెగటివ్ 4.75 × 6.5 అంగుళాలు ఉంటుంది. మన ఫోన్ సెన్సర్ చిటికెన వేలి గోరంత కూడా ఉండదు, అది గుర్తుంచుకోండి. ముందున్న ఇత్తడి లెన్స్‌లో అపర్చర్ ఉంది కానీ షట్టర్ లేదు. బీటెక్ అయ్యాక ఉద్యోగం వచ్చి హైదరాబాద్‌లో సెటిలయ్యాక, "ఇక్కడ బూజు పట్టిపోతుంది, తీస్కెళ్లి వాడుకో" అని ఆ కెమెరాని నా చేతికిచ్చారు. అన్నీ ఉన్నాయి, లెన్స్ మూత తప్ప. ఇల్లు మారినప్పుడు అదెక్కడో పోయింది.

సమస్య ఎక్కడుంది?

మామూలు కెమెరా లెన్స్‌కి ముందు ఫిల్టర్ త్రెడ్ ఉంటుంది. దాని సైజు లెన్స్ మీదే రాసి ఉంటుంది. ఆ సైజు పించ్ క్యాప్ కొంటే పని అయిపోయినట్టే. వెనక మౌంట్ కూడా స్టాండర్డే. లార్జ్ ఫార్మాట్‌లో అంత సుఖం లేదు. లెన్స్‌ని ఒక చిన్న బోర్డు మధ్యలో బిగిస్తారు. ముందు గ్లాసు బోర్డుకి ఒకవైపు, వెనక గ్లాసు ఇంకోవైపు బయటికి కనిపిస్తూ ఉంటాయి. బోర్డు తీసి బ్యాగులో పెట్టారంటే రెండు వైపులా దెబ్బ తగిలే ఛాన్స్ ఉంది. అంటే ఒక్కో లెన్స్‌కి రెండు క్యాపులు కావాలి, రెండూ వేర్వేరు సైజులు.

నా దగ్గర సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ష్నైడర్ సిమ్మార్-ఎస్ 150 ఎంఎం ఎఫ్/5.6 కూడా ఒకటుంది. దాని ముందు ఫిల్టర్ త్రెడ్ 58 ఎంఎం, ముందు భాగం బయటి కొలత 60 ఎంఎం, వెనక భాగం బయటి కొలత 42 ఎంఎం. ముందుకి 58 ఎంఎం పించ్ క్యాప్ చక్కగా పట్టింది. వెనక వైపు త్రెడ్ ఉండదు కాబట్టి పైనుంచి తొడిగే క్యాపే కావాలి. ఇలాంటి వాటిని స్లిప్-ఆన్ లేదా పుష్-ఆన్ క్యాప్ అంటారు. ఇక తాతయ్య ఇత్తడి లెన్స్‌కి ముందు కూడా త్రెడ్ లేదు. నున్నటి గొట్టం, అంతే.

ముందు కొలత, తర్వాతే క్యాప్

స్లిప్-ఆన్ క్యాప్‌కి కావాల్సింది ఫిల్టర్ సైజు కాదు, లెన్స్ అంచు బయటి కొలత. చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు, నేనూ చేశా. 58 అని రాసుంది కదా అని 58 స్లిప్-ఆన్ ఆర్డర్ పెడితే అది తొడగదు. డిజిటల్ కాలిపర్ ఉంటే రెండు మూడు చోట్ల కొలవండి, పాత లెన్స్ అంచులు ఒక్కోసారి నొక్కుకుపోయి ఉంటాయి. కాలిపర్ మెటల్ దవడలు గ్లాసు వైపు జారకుండా చూసుకోండి. కాలిపర్ లేదా? సన్నటి కాగితం ముక్క అంచు చుట్టూ చుట్టి, పొడవు కొలిచి, 3.1416తో భాగించండి. సరిపోతుంది.

ఇంకొకటి, లోతు. కొన్ని వైడ్ యాంగిల్ లెన్సుల వెనక గ్లాసు అంచు దాటి ఉబ్బుగా బయటికొస్తుంది. క్యాప్ లోతు తక్కువైతే దాని అడుగు నేరుగా గ్లాసుకే తగుల్తుంది. కాపాడాల్సిన క్యాపే గీత పెడుతుందన్నమాట.

తాతయ్య లెన్స్ బయటి కొలత 61.2 ఎంఎం వచ్చింది. ఆ సైజుకి రెడీమేడ్ క్యాప్ వెతికా, నాకు సరిగ్గా సరిపోయేది దొరకలేదు. ఇంజినీర్‌ని కదా, 3డీ ప్రింట్ చేద్దాంలే అనుకున్నా.

ప్రయత్నం 1: టైట్ ఫిట్ ప్రింట్

డిజైన్ చాలా ఈజీ. ఓపెన్‌స్కాడ్‌లో ఒక పెద్ద సిలిండర్, అందులోంచి చిన్న సిలిండర్ తీసేయడమే. లోపలి కొలత 61.6 పెట్టి, నల్ల పీఎల్ఏలో ప్రింట్ చేయించా. చేతికొచ్చాక తెలిసింది, ప్రింట్‌లో రంధ్రాలు మనం ఇచ్చిన కొలత కంటే కాస్త చిన్నగా వస్తాయని. క్యాప్ పట్టింది, కానీ మరీ బిగుతుగా. తీయాలంటే తిప్పి లాగాలి.

దాచిపెట్టడానికైతే పర్లేదు. కానీ షట్టర్ లేని లెన్స్‌లో క్యాపే షట్టర్. ఫొటోగ్రఫీ మొదలైన రోజుల్లో అందరూ చేసింది ఇదే: మూత తీయడం, లెక్కపెట్టడం, మూత పెట్టేయడం. నేను నెగటివ్‌గా వాడేది ఫొటో పేపర్. దాని స్పీడ్ సుమారు ఐఎస్‌ఓ 6 అనుకుని లెక్కేస్తా. నీడలో ఎఫ్/22 దగ్గర దాదాపు 3 సెకన్ల ఎక్స్‌పోజర్ వస్తుంది, చేత్తో చేయడానికి కరెక్ట్ టైమ్. కానీ నా క్యాప్ లాగిన ప్రతిసారీ కెమెరా మొత్తం ఊగింది. మొదటి నాలుగు ఫొటోలూ బ్లర్.

ప్రయత్నం 2: ఫెల్ట్ లైనింగ్, సూపర్ గ్లూ, ఒక పెద్ద తప్పు

ఈసారి లోపలి కొలత 63 దాకా పెంచి, లోపల 1 ఎంఎం ఫెల్ట్ అతికిద్దామనుకున్నా. ఐడియా కరెక్టే. కానీ అతికించడానికి వాడింది సూపర్ గ్లూ. రాత్రి పదకొండింటికి అతికించి, పావుగంట ఆగి, ఆరిపోయిందిలే అని లెన్స్‌కి తొడిగి పడుకున్నా.

పొద్దున క్యాప్ తీస్తే గ్లాసు మీద తెల్లటి పొగలాంటి పొర. నా గుండె జారిపోయింది. సూపర్ గ్లూ ఆరేటప్పుడు వచ్చే ఆవిరి దగ్గర్లో ఉన్నవాటి మీద తెల్లగా గట్టిపడుతుంది. క్రైమ్ సీన్లలో వేలిముద్రలు బయటపెట్టడానికి వాడేది కూడా ఈ ఆవిరినే. నేను ఆ ఆవిరిని మూత పెట్టి మరీ రాత్రంతా గ్లాసు దగ్గర బంధించా. లెన్స్ టిష్యూ, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెల్లగా చాలాసార్లు తుడిస్తే పొర దాదాపు పోయింది. అంచు దగ్గర మాత్రం ఆవగింజంత మచ్చ ఉండిపోయింది. ముప్పై ఏళ్లు రోజూ వాడినా తాతయ్య దాని మీద గీత పడనివ్వలేదు. నేను ఒక్క రాత్రిలో మచ్చ పెట్టా.

తెనాలి ఫోన్ కాల్

దాచిపెడదామనే అనుకున్నా మొదట. ఆ వీకెండే ఫోన్ చేసి చెప్పేశా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అడిగింది మచ్చ గురించి కాదు.

"మూత ఎట్టా తీస్తన్నావురా?"

"లాగి తీస్తున్నా తాతయ్యా. బిగుతుగా ఉంది."

"మూత తీస్తంటే పెట్టె కదిలితే ఇంక ఫొటో ఏం వస్తది? నా మూత లోపల మఖ్మల్ గుడ్డ ఉండేది. రెండు వేళ్లతో పట్టుకుంటే వచ్చేసేది, వదిలేస్తే పడేది కాదు. మూత లూజు చేసి, లెన్స్ ముందే అడ్డం పట్టుకుని ఉండాలి. పెట్టె ఊగడం ఆగినాక అప్పుడు పైకి లేపాలి."

ఇదీ అసలు స్పెసిఫికేషన్. నేను ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూశా, ఎంత తేలిగ్గా వస్తుందో చూడలేదు. కిందికి వంచితే పడకూడదు, రెండు వేళ్లతో తీస్తే కెమెరా కదలకూడదు. మీరు ఏ క్యాప్ చేసినా ఈ రెండు టెస్టులూ పాస్ అవ్వాలి. బిగువు ప్లాస్టిక్ ఇవ్వకూడదు, లోపలి గుడ్డ ఇవ్వాలి. ఎందుకంటే గుడ్డ నలుగుతుంది, ప్లాస్టిక్ నలగదు.

చివర్లో, "మచ్చ అంచున ఉంది కదా, ఫొటోలో పడదులే. ఈసారి వచ్చేటప్పుడు కెమెరా తీసుకురా" అన్నారు.

ప్రయత్నం 3: హార్డ్‌వేర్ షాపు

సంక్రాంతికి తెనాలి వెళ్లా, కెమెరాతో సహా. సూపర్ గ్లూ తగిలిన ఆ ప్రింట్‌ని మళ్లీ లెన్స్ దగ్గరికి తీసుకెళ్లే ధైర్యం లేక, పాత డబ్బాల మూతలు వెతుకుతున్నా. అప్పుడు తాతయ్యే పైపుల షాపుకి పంపారు. మన దగ్గర పీవీసీ పైపుల బయటి కొలతలు ఎంఎంలో ఫిక్స్‌డ్‌గా ఉంటాయి: 40, 50, 63, 75, 90, 110. వాటి చివర మూసే ఎండ్ క్యాప్ లోపలి కొలత కూడా దాదాపు అంతే. 63 ఎండ్ క్యాప్‌లోంచి నా 61.2 తీసేస్తే మిగిలేది 1.8 ఎంఎం. చుట్టూ పరిచిన సన్నటి వెల్వెట్ స్టిక్కర్ షీట్‌కి సరిగ్గా ఆ జాగా చాలు. క్యాప్ 40 రూపాయలు, షీట్ 60. మొత్తం వంద.

వెల్వెట్ వెనకే గమ్ ఉంటుంది కాబట్టి సూపర్ గ్లూ అక్కర్లేదు. అయినా సరే, ఈసారి రెండు రోజులు గాలికి వదిలేసి, వాసన పోయాకే తొడిగా. లోపల అడుగున కూడా నల్ల వెల్వెట్ వేశా. చీకటి గదిలో ఫోన్ ఫ్లాష్‌లైట్ ఆన్ చేసి క్యాప్ బోర్లించి చూశా, వెలుతురు రాలేదు. మీ 3డీ ప్రింట్ క్యాప్‌కి కూడా ఈ టెస్ట్ తప్పకుండా చేయండి, పల్చటి గోడల్లోంచి వెలుతురు లీకవ్వచ్చు.

ఏది ఎవరికి?

ముందు ఫిల్టర్ త్రెడ్ ఉంటే ఆలోచించకుండా పించ్ క్యాప్ కొనండి. ఎంత చీప్‌ది అయినా పర్లేదు.

త్రెడ్ లేని లెన్స్ బయటి కొలత ఏదైనా పైపు సైజు కంటే 1.5 నుంచి 2 ఎంఎం తక్కువుంటే పీవీసీ ఎండ్ క్యాప్ ప్లస్ వెల్వెట్. ఆ లక్ అందరికీ ఉండదు. నా సిమ్మార్ వెనక భాగం 42 ఎంఎం, దానికి 40 పట్టదు, 50 మరీ వదులు.

అలాంటి కొలతలకి 3డీ ప్రింట్. నేను సిమ్మార్ వెనక క్యాప్‌ని టీపీయూలో ప్రింట్ చేయించా, రబ్బరులా సాగుతుంది కాబట్టి లైనింగ్ లేకుండానే పట్టింది. 250 రూపాయలైంది. తొడిగే ముందు కడిగి, వేలాడే సన్నటి ప్లాస్టిక్ పోగులు తీసేయండి. పీఎల్ఏ అయితే ఎండాకాలం కారులో వదలొద్దు, 60 డిగ్రీల దగ్గరే మెత్తబడి షేప్ పోతుంది.

పాత స్పాంజ్ మాత్రం వాడొద్దు. కొన్నేళ్లకి అది జిగురుగా కరిగి గ్లాసుకి అంటుకుంటుంది. క్యాప్ దుమ్మునీ గీతల్నీ ఆపుతుంది, ఫంగస్‌ని ఆపదు. లెన్స్ పెట్టిన డబ్బాలో సిలికా జెల్ ప్యాకెట్ వేసి, అప్పుడప్పుడూ మారుస్తూ ఉండండి.

ఆ సంక్రాంతికే వసారా నీడలో తాతయ్యని కూర్చోబెట్టి ఫొటో తీశా. క్యాప్ లూజు చేసి, లెన్స్ ముందే అడ్డం పట్టుకుని ఆగా. ఇంకా పైకి లేపకముందే కుర్చీలోంచి ఆయనే "ఊ, ఇప్పుడు" అన్నారు. మూడు దాకా లెక్కపెట్టి మూసేశా. ఫొటో షార్ప్‌గా వచ్చింది. మచ్చ ఎక్కడా కనపడలేదు, లెన్స్ మీద మాత్రం అలాగే ఉంది.

మీ ఇంట్లో అటక మీద ఇలాంటి లెన్స్ ఏదైనా ఉంటే, ఈ ఆదివారం దించి బయటి కొలత తీసి పెట్టుకోండి. క్యాప్ సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ ఒక్క నంబర్ కావాలి.