యోగా బోధన.. నేర్పేవారికే తొలి ఫలం

తార్నాక: ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణంలో తెల్లవారుజామున రెండు రకాల వారు కనిపిస్తారు. పోటీ పరీక్షలకు సిద్ధమవుతూ వసతిగృహాల నుంచి గ్రంథాలయం వైపు సాగే యువతీ యువకులు ఒకరు. తార్నాక, హబ్సిగూడ కాలనీల నుంచి ఉదయపు నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగులు మరొకరు. మొదటివారిలో పలువురికి చేతిలో పట్టా ఉన్నా ఉపాధి లేదు. రెండోవారిలో పలువురికి పింఛను ఉన్నా మోకాళ్లలో సత్తువ లేదు. ఈ రెండు తరాలనూ ఒకే చాప మీదకు చేర్చగల వృత్తి యోగా బోధన. ఇందులోకి రాదలచినవారు ముందుగా వేసుకునే ప్రశ్న ఒక్కటే: దీనివల్ల తమకు ఒనగూడేది ఏమిటి? ఆదాయం కోసమే వచ్చేవారికి నిరాశ తప్పకపోవచ్చు. తమ జీవితం ఒక దారిన పడాలనుకునేవారికి మాత్రం ఇందులో దక్కేది తక్కువేమీ కాదు.

జీతం సంగతి ముందు..

వాస్తవాన్ని దాచి ప్రయోజనం లేదు. జాతీయ ఆయుష్ మిషన్ కింద ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే పార్ట్‌టైం యోగా శిక్షకులకు తరగతికి రూ.250 చొప్పున లెక్కగట్టి గౌరవ వేతనం నిర్ణయించారు. నెలకు 32 తరగతులు చెప్పే పురుష శిక్షకులకు రూ.8,000, 20 తరగతులు చెప్పే మహిళా శిక్షకులకు రూ.5,000. నగరంలో ఇంటి అద్దెకే చాలని మొత్తమిది. కేంద్రీయ విద్యాలయాలు యోగా శిక్షకులను ఏటా ఒప్పంద పద్ధతిన తీసుకుంటాయి. మిగిలినవారు అపార్ట్‌మెంట్లలో, కార్యాలయాల్లో, ఇళ్లకు వెళ్లి తరగతులు చెప్పుకొంటారు. పరీక్షల కాలం వచ్చిందంటే విద్యార్థులు, పెళ్లిళ్ల కాలం వచ్చిందంటే గృహిణులు మానేస్తారు. ఆ నెల రాబడి సగానికి పడిపోతుంది. అందుకే తొలి రెండు మూడేళ్లు మరో ఆధారం ఉంచుకొని ఈ దారిలోకి రావడమే వివేకం.

సాధన తప్పని బతుకు

మరి లాభమెక్కడ? మొట్టమొదటిది సొంత సాధన నిలబడడమే. జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం నాడు చాప పరిచినవారిలో ఎందరో జులై నాటికి దానిని చుట్టి మూల పెట్టేస్తారు. చలి, వాన, బద్ధకం, బంధువుల రాక.. మానడానికి కారణాలు కోకొల్లలు. బోధకుడికి ఆ వెసులుబాటు లేదు. ఆరు గంటలకు పది మంది ఎదురుచూస్తుంటే ఐదింటికే లేచి తీరాలి. రాత్రి మితంగా తిని వేళకు పడుకోవాలి. ఇతరుల కోసం పెట్టుకున్న ఈ కట్టుబాటే కొన్నాళ్లకు తన ఆరోగ్యానికి కంచె అవుతుంది.

ఇందుకు ప్రపంచమెరిగిన ఉదాహరణ బి.కె.ఎస్.అయ్యంగార్. ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రారంభమైన 1918లోనే ఆయన కర్ణాటకలోని బెళ్లూరులో జన్మించారు. బాల్యంలో మలేరియా, టైఫాయిడ్, క్షయ ఆయనను పీడించాయి. మైసూరులో బావగారైన తిరుమలై కృష్ణమాచార్య వద్ద యోగా అభ్యసించారు. 1937లో, ఇరవై ఏళ్లు నిండకముందే, పుణెలో బోధించేందుకు వెళ్లారు. అక్కడి మరాఠీ భాష రాదు. శిష్యులేమో తనకంటే దృఢకాయులు. వారి ముందు నిలబడాలంటే తానే గంటల తరబడి సాధన చేయక తప్పలేదు. చెప్పాల్సిన అవసరమే ఆయనను గొప్ప సాధకుడిని చేసింది. 1966లో వెలువడిన ఆయన గ్రంథం ‘లైట్ ఆన్ యోగా’ దేశదేశాల్లో పాఠ్యగ్రంథమైంది. చిన్ననాట అన్ని రోగాలతో పోరాడిన ఆ వ్యక్తి 2014లో, 95 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

చూసే కన్ను అలవడుతుంది

రెండో లాభం జ్ఞానం. ఒక ఆసనాన్ని తాను వేయడం వేరు, బిగుసుకుపోయిన నడుముతో వచ్చిన అరవై ఏళ్ల మనిషి చేత వేయించడం వేరు. త్రికోణాసనంలో మోకాలు ఎందుకు వణుకుతోంది, శ్వాస ఎక్కడ ఆగిపోతోంది, వంగినప్పుడు నడుము నుంచి వంగుతున్నారా లేక వీపు గుండ్రంగా చేస్తున్నారా అన్నది గమనించాలి. ఎందుకిలా అని శిష్యులు అడిగితే జవాబు చెప్పాలి. దాంతో బోధకుడు కండరాలు, కీళ్ల నిర్మాణం చదవక తప్పదు. పతంజలి యోగసూత్రాలను, హఠయోగ గ్రంథాలను తిరగేయక తప్పదు. 17వ శతాబ్దంలో శ్రీనివాసయోగి రచించిన హఠరత్నావళి 84 ఆసనాల పేర్లను పేర్కొంది. ఎం.వెంకటరెడ్డి సంపాదకత్వంలో అది 1982లో వెలువడింది. ఇలాంటి గ్రంథాలు చదవాలన్న కోరిక సాధకుడికంటే బోధకుడికే ముందుగా కలుగుతుంది.

మనసుకు నాలుగు పాఠాలు

మూడో లాభం స్వభావంలో వచ్చే మార్పు. సుఖంగా ఉన్నవారి పట్ల మైత్రి, బాధలో ఉన్నవారి పట్ల కరుణ, మంచి చేసేవారి పట్ల సంతోషం, చెడు నడత గలవారి పట్ల ఉపేక్ష అలవరచుకుంటే చిత్తం నిర్మలమవుతుందని పతంజలి బోధ. తరగతి గదిలో ఈ నాలుగూ నిత్యం పరీక్షకు వస్తాయి. తనకంటే చక్కగా ఆసనం వేసే శిష్యురాలిని చూసి అసూయపడకుండా ఉండాలి. పదిసార్లు చెప్పినా ఎడమ కాలికి బదులు కుడి కాలు ఎత్తే పెద్దాయనను విసుక్కోకూడదు. రుసుము ఎగవేసి మాయమైనవారిని తలచుకుంటూ రోజంతా పాడుచేసుకోకూడదు. ఈ ఓర్పు చాప దగ్గరే ఆగిపోదు, ఇంటికీ వెంట వస్తుంది.

నాలుగోది మనుషుల తోడు. తార్నాక పరిసరాలు శాస్త్రవేత్తలకు, అధ్యాపకులకు నెలవు. జాతీయ పోషకాహార సంస్థ, భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, ఉస్మానియా విశ్వవిద్యాలయం కూతవేటు దూరంలో ఉన్నాయి. పిల్లలు విదేశాల్లో స్థిరపడగా ఒంటరిగా మిగిలిన దంపతులు ఇలాంటి కాలనీల్లో కనిపిస్తారు. అలాంటివారికి ఉదయపు తరగతి వ్యాయామమే కాదు, పలకరింపు కూడా. ఒక రోజు రాకపోతే ఎందుకు రాలేదని అడిగే మనిషి దొరుకుతాడు. పల్లె నుంచి వచ్చి వసతిగృహంలో ఉంటున్న యువ బోధకుడికీ నగరంలో అయినవాళ్లు ఏర్పడతారు. చేతులు పైకెత్తలేనివారు ఆరు నెలల తర్వాత అటక మీది డబ్బా తామే దించుకున్నామని చెప్పినప్పుడు కలిగే తృప్తి వేతన పట్టికలో కనిపించదు.

హద్దు దాటితే అనర్థం

ఈ తృప్తే ఒక్కోసారి ప్రమాదానికీ దారితీస్తుంది. శిష్యులు గురువుగారూ అని పిలవడం మొదలుపెట్టగానే కొందరు తాము వైద్యులమనుకుంటారు. యోగాకు మేలు చేసే గుణం ఉంది. దీర్ఘకాలిక నడుంనొప్పి ఉన్న 320 మందిపై అమెరికాలోని బోస్టన్‌లో జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. యోగా తరగతులు ఫిజియోథెరపీకి తీసిపోలేదని అది తేల్చింది. అంతమాత్రాన మధుమేహానికి, రక్తపోటుకు మందులు మానేయమనే అధికారం బోధకుడికి రాదు. అధిక రక్తపోటు, గ్లకోమా ఉన్నవారి చేత శీర్షాసనం వేయించకూడదు. డిస్క్ జారినవారిని ముందుకు వంచకూడదు. గర్భిణులకు వైద్యుల సలహా లేకుండా ఏదీ చెప్పకూడదు. ఇది నాకు తెలియదు, డాక్టరును అడగండి అనగలగడం మంచి బోధకుడి లక్షణం.

రెండో ప్రమాదం సొంత సాధన కొండెక్కడం. రోజుకు ఐదారు తరగతులు ఒప్పుకొని, ఊరంతా తిరిగి, ఆసనాలు చూపించడమే సాధన అనుకుంటే ఏడాది తిరిగేసరికి గొంతు, నడుము రెండూ దెబ్బతింటాయి. తరగతులకు ముందో తర్వాతో తనకంటూ ఒక గంట మిగుల్చుకోని బోధకుడికి పై లాభాలేవీ దక్కవు.

ఎలా చేరాలి?

బోధకుడు కావడానికి ముందు కనీసం ఏడాది రెండేళ్లు ఒక గురువు వద్ద క్రమం తప్పక నేర్చుకోవడం మేలు. కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ పరిధిలోని యోగా సర్టిఫికేషన్ బోర్డు దశలవారీగా పరీక్షలు నిర్వహిస్తుంది. వాటిలో ప్రోటోకాల్ ఇన్‌స్ట్రక్టర్ దశకు 200 గంటలు, వెల్‌నెస్ ఇన్‌స్ట్రక్టర్‌కు 400 గంటలు, టీచర్ అండ్ ఇవాల్యుయేటర్‌కు 800 గంటల అధ్యయనం ప్రమాణం. పాఠంతో పాటు ఆసనాలు వేసి చూపడం, బోధించి చూపడం పరీక్షలో భాగం. కళాశాల అధ్యాపకులు కాగోరేవారికి యూజీసీ 2017 నుంచి నెట్‌లో యోగాను ఒక సబ్జెక్టుగా చేర్చింది. విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో యోగాకు ప్రత్యేక విభాగమే ఉంది. వారం పది రోజుల్లో బోధకులను చేస్తామనే ప్రకటనలను నమ్మి డబ్బు పోగొట్టుకోవద్దు.

ఆరంభానికి పెద్ద పెట్టుబడి అక్కర్లేదు. 45 నిమిషాల ఉమ్మడి యోగా ప్రోటోకాల్‌ను క్షుణ్ణంగా నేర్చుకుని, అనుభవజ్ఞుడైన బోధకుడికి సహాయకుడిగా ఆరు నెలలు నిలబడితే చాలు. ఈ పని తనకు తగినదా కాదా అన్నది ఆ ఆరు నెలల్లో తేలిపోతుంది. బోధకుడిగా కొనసాగకపోయినా నష్టం లేదు. తెల్లవారుజామున లేవడం, నిటారుగా కూర్చోవడం, ఎదుటివారు చెప్పేది వినడం అలవాటై ఉంటాయి. పోటీ పరీక్షకు కూర్చునే విద్యార్థికైనా, పింఛను తీసుకునే పెద్దలకైనా ఆ మూడూ అక్కరకు వచ్చేవే.