సంచార వ్యాపారానికి వాహనం ఎంపిక

రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు కొని కోనసీమ గ్రామాల్లో తిరిగి అమ్మదలచారనుకోండి. ముందు రోజువారీ అమ్మకాన్ని అంచనా వేయండి. బండి సంగతి తర్వాత. ఒక్కొక్కటి 15 కిలోల చొప్పున 20 గెలలైతే మొత్తం బరువు 300 కిలోలు. ఇందుకు మూడు చక్రాల సరుకు ఆటో చాలు. టాటా ఏస్ వంటి నాలుగు చక్రాల బండి సగం ఖాళీగానే తిరుగుతుంది.

ఇక వాయిదా. నెలకు రూ.6,000 వాయిదా, 20 రోజుల అమ్మకం అనుకుంటే, రోజుకు రూ.300 దానికే పోతుంది. ముసురు పట్టి అమ్మకం 12 రోజులకు తగ్గితే ఆ భారం రూ.500 అవుతుంది. పండిన అరటి నిల్వ ఉండదు, వాయిదా ఆగదు. కాబట్టి మంచి నెలను కాదు, ముసురు నెలను లెక్కలోకి తీసుకొని బండి కొనండి.

పాత బండి అయితే రిజిస్ట్రేషన్, ఫిట్‌నెస్, బీమా పత్రాలతోపాటు, దానిపై పాత అప్పు తీరిందో లేదో కూడా చూసుకోండి.