కిరాణా ఆటలో గుణకారము

అమెరికా దేశమున 1972లో సి.బి.ఎస్. టెలివిజన్‌లో పునఃప్రారంభమైన ‘ది ప్రైస్ ఈజ్ రైట్’ కార్యక్రమమున కిరాణా ఆట యొకటి కలదు. ఆటగాని యెదుట ఐదు సరకులుండును, వెలలు కానరావు. ఏ సరకునైనను ఎన్నియైనను కొనవచ్చును. కాని ఒక్కొక్క సరకును ఒకమారే యెన్నుకొనవలెను. సంఖ్య చెప్పిన పిదపనే వెల బయటపడును. తొలినాళ్లలో మొత్తము 6.75, 7 డాలర్ల నడుమ నుండవలసియుండెను. తరువాతి కాలమున ఆ హద్దు 20 నుండి 22 డాలర్లయినది. మించినచో బహుమానము దక్కదు.

ఇందలి కిటుకు గుణకారమున నున్నది. వెల 3 డాలర్లని తలచి ఏడు కొన్నచో మొత్తము 21. హద్దులకు సరిగా నడుమ. కాని నిజమైన వెల 3.20 అయినచో మొత్తము 22.40 అగును! ఇరువది సెంట్ల పొరపాటు ఏడింతలై ఆటను ముంచినది. కనుక తొలుత ఐదే కొనుట మేలు. అప్పుడు మొత్తము 16. ఇక కావలసినది 4 నుండి 6 డాలర్లు. ఐదు డాలర్లుండునని తోచు సరకును ఒక్కటి మాత్రమే తీసికొన్నచో, అంచనా అటునిటు ఒక డాలరు తప్పినను గెలుపు చేజారదు.

బాగుగ తెలిసిన సరకు మొదట, పెక్కుగా. అనుమానము గలది చివర, ఒక్కటిగా: ఇదియే ఉపాయము. దశాంశ గుణకారము బోధించు ఉపాధ్యాయులకు ఇది చక్కని లెక్క. తన పొరపాటు ఎన్నింతలగునో ముందే యెరిగినవాడే లెక్కలు వచ్చినవాడు.