బ్లూమింగ్టన్‌లో స్థిరపడిన చెల్లో మాస్టారు

మా అమ్మాయి ఆరో తరగతిలో స్కూల్ ఆర్కెస్ట్రాలో చేరినప్పుడు వయొలిన్ తీసుకుంటుందనుకున్నాం. చెల్లో ఎంచుకుంది. నెలనెలా అద్దె కట్టి తెచ్చిన ఆ వాయిద్యాన్ని కారు వెనక సీట్లోకి ఎక్కించడమే అప్పట్లో మాకు పెద్ద పని. పోనీలే, కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందనుకున్నాం. ఇప్పుడు పదకొండో తరగతి. "నాన్నా, నేను చెల్లోలోనే డిగ్రీ చేస్తా" అంది మొన్న. ఇరవై ఏళ్లుగా కోడ్ రాసి బతుకుతున్న నాకు నోట వచ్చిన మొదటి మాట: "దాంతో ఎలా బతుకుతావమ్మా?"

సమాధానంగా ఒక పేరు చెప్పింది. యానోష్ స్టార్కర్. ఆ పేరు వెంటపడి చదివాక, మనలాంటి తల్లిదండ్రులకు ఈయన కథ తెలియాలనిపించింది.

స్టార్కర్ 1924లో బుడాపెస్ట్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. అన్నలిద్దరూ వయొలిన్ వాయిస్తున్నారు కాబట్టి మూడోవాడి చేతికి చెల్లో వచ్చింది. ఎనిమిదేళ్లకే మరో పిల్లాడికి పాఠం చెప్పడం మొదలుపెట్టాడట. పన్నెండేళ్లకు అయిదుగురు శిష్యులు! కచేరీ, పాఠం రెండూ ఆయనకు పసితనం నుంచే కలిసి నడిచాయి.

తర్వాత యుద్ధం. నాజీలు అన్నలిద్దరినీ చంపేశారు. స్టార్కర్ కూడా నిర్బంధ శిబిరంలో గడిపి బతికి బయటపడ్డారు. యుద్ధం ముగిశాక బుడాపెస్ట్ ఒపెరాలో ప్రధాన చెల్లిస్ట్‌గా చేసి, 1946లో హంగరీ వదిలేశారు. పారిస్‌లో ఉండగా ఆయన వాయించిన కొడాయ్ సోనాటా రికార్డుకు 1948లో ఫ్రాన్స్‌లో పెద్ద బహుమతి వచ్చింది. పక్క వాయిద్యం ఏదీ లేకుండా చెల్లో ఒక్కటే వాయించే రచన అది. కింది రెండు తీగలనూ అరస్వరం దించి శ్రుతి చేసుకోవాలి. దాంతో అలవాటైన చోట వేలు పెడితే అలవాటైన స్వరం పలకదు. మా అమ్మాయి వినిపించినప్పుడు ఇద్దరు ముగ్గురు వాయిస్తున్నారేమో అనుకున్నాను.

అదే ఏడాది అమెరికా వచ్చారు. మొదట డల్లాస్ సింఫనీ, మరుసటి ఏడాది న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరా, 1953లో షికాగో సింఫనీ. డల్లాస్‌లో కండక్టర్ అంటాల్ డొరాటి, తర్వాతి రెండు చోట్లా ఫ్రిట్జ్ రైనర్. ఇద్దరిదీ బుడాపెస్టే, ఇద్దరూ ఆయన చదివిన సంగీత అకాడమీలోనే చదివారు. మన భాషలో చెప్పాలంటే రిఫరల్. పదేళ్లలో మూడు ఊళ్లు, మూడు ఉద్యోగాలు. మనలో చాలామందికి కొత్త కథేం కాదు.

నన్ను ఆపింది మాత్రం 1958. షికాగో సింఫనీ లాంటి చోట ప్రధాన చెల్లిస్ట్ కుర్చీ వదిలి, ఇండియానా యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి బ్లూమింగ్టన్ అనే చిన్న ఊరికి వెళ్లిపోయారు. పైకి చూస్తే ఒక మెట్టు దిగినట్టే. నిజానికి ఆర్కెస్ట్రాలో ఉన్నంతకాలం టైమ్‌టేబుల్ వాళ్లది. యూనివర్సిటీకి వచ్చాక సోలో కచేరీలకు ప్రపంచమంతా తిరిగారు, తిరిగొచ్చి క్లాసులు చెప్పారు. నెల జీతం నేల మీద నిలబెట్టింది. 2013లో కన్నుమూసేదాకా, అంటే 55 ఏళ్లు, అదే ఊరు. బాక్ చెల్లో సూట్లను జీవితంలో అయిదుసార్లు రికార్డు చేశారు. చివరిసారి చేసినవాటికి డెబ్బై దాటాక గ్రామీ వచ్చింది.

పాఠం చెప్పకుండా తాను వాయించలేనని, వాయించకుండా పాఠం చెప్పలేనని ఆయన అనేవారు. తాను ఏం చేస్తున్నదీ మరొకరికి వివరించాల్సి వచ్చినప్పుడే అసలు ఏం చేస్తున్నామో తెలుస్తుందని నమ్మకం. అందుకే శరీరాన్ని ఎక్కడ బిగబట్టకూడదు, విల్లు బరువు ఎక్కణ్నుంచి రావాలి అన్నవి ఇంజినీరులా విడదీసి చెప్పేవారు. వేదిక మీద ముఖంలో ఏ భావమూ కనిపించేది కాదు. కొందరు అది చల్లదనం అన్నారు. నాకైతే ఆ నిగ్రహమే నచ్చింది. సిగరెట్లు మాత్రం విపరీతంగా కాల్చేవారు, ఆ విషయం అమ్మాయి దగ్గర నేను ఎత్తలేదు.

మనవాళ్లలోనూ ఈ దారి ఉంది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెబుతూనే వయొలిన్ కచేరీలు చేశారు. మా నాన్నకు ఫోన్లో ఈ మాట చెబితే, "మరి ఇంకేం, చెయ్యనీ" అన్నారు. ఆయనకు ఇక్కడి ఫీజుల సంగతి తెలియదు.

స్టార్కర్ లాంటి వాళ్లు ఎందరుంటారు అన్న ప్రశ్న నాకు పోలేదు. ఆర్కెస్ట్రాలో ఒక్క ఖాళీ పడితే ఆడిషన్‌కి వచ్చేవాళ్లు బోలెడంతమంది. కానీ పాఠాలు, చిన్న బృందాలు, పెళ్లి కచేరీలు, స్కూల్ ఉద్యోగం కలిపి గౌరవంగా బతికే చెల్లిస్టులు ఉన్నారు. మా అమ్మాయి టీచరే అందుకు ఉదాహరణ. ప్రస్తుతానికి మా ఇంట్లో కుదిరిన ఒప్పందం: సంగీతం డిగ్రీకి ఆడిషన్ వీడియోలు పంపాలి, కంప్యూటర్ సైన్స్ అప్లికేషన్లు కూడా వెయ్యాలి. రెండోదానికి ఆమె తల ఊపింది, అంతే.

పోయిన నెల నుంచి శనివారాలు పక్కవీధి తెలుగువాళ్ల అమ్మాయికి చెల్లో నేర్పుతోంది. నాలుగో తరగతి పిల్ల. "అక్కా, విల్లు పట్టుకున్నప్పుడు బొటనవేలు వంచాలా, చాచాలా?" అని అడిగింది. మావాళ్లమ్మాయి జవాబు చెప్పబోయి ఆగి, తన చేతిని తానే చూసుకుంది. ఆ రాత్రి పదకొండింటి దాకా ఆమె గదిలోంచి ఒకటే తీగ వినిపిస్తూనే ఉంది.