దాణాలో ఎంజైములు.. లెక్క మార్చితేనే లాభం

గద్వాల: కోళ్ల పెంపకంలో అయ్యే మొత్తం ఖర్చులో 65 నుంచి 75 శాతం దాణాదే. మొక్కజొన్న, సోయా చెక్క ధరలు పెరిగినప్పుడల్లా ముందుగా కుదేలయ్యేది సొంతంగా దాణా కలుపుకొనే చిన్న రైతు. 2021లో సోయా చెక్క ధర ఆకాశాన్నంటడంతో కేంద్రం 12 లక్షల టన్నుల దిగుమతికి అనుమతించాల్సి వచ్చింది. 2023 డిసెంబరులో చెరకు రసంతో ఇథనాల్ తయారీపై ఆంక్షలు విధించడంతో డిస్టిలరీల చూపు మొక్కజొన్న వైపు మళ్లి, 2024లో దాని ధర ఎగబాకింది. మొక్కజొన్న చేను వేసిన రైతుకు అది శుభవార్తే. నాగర్‌కర్నూల్ ప్రాంతంలో మొక్కజొన్న పండించేదీ, కోళ్లు పెంచేదీ ఒకే ఇంటివారైన సందర్భాల్లో మాత్రం ఆ వార్తకు సంతోషించాలో, విచారించాలో తేలక తల పట్టుకోవాల్సిందే.

ఇటువంటి తరుణంలో దాణాలో కలిపే ఎంజైముల పొడిపై రైతులు ఆసక్తి చూపుతున్నారు. ఇవి మందులు కావు, హార్మోన్లు అంతకంటే కావు. కోడి తన జీర్ణశక్తితో అరిగించుకోలేని పదార్థాలను విడగొట్టే మాంసకృత్తులు మాత్రమే.

భాస్వరం ఉన్నా అందదు

గింజల్లోనూ, చెక్కల్లోనూ ఉండే భాస్వరంలో దాదాపు మూడింట రెండు వంతులు ఫైటేట్ రూపంలో బంధించబడి ఉంటుంది. దాన్ని విడదీయడానికి చాలినంత ఫైటేజ్ అనే ఎంజైము కోడి పేగుల్లో తయారు కాదు. అందువల్ల తిన్న భాస్వరంలో అధిక భాగం రెట్టలో పోతుంది. ఆ లోటు పూడ్చేందుకు ఖరీదైన డైకాల్షియం ఫాస్ఫేట్‌ను, అంటే డీసీపీని, రైతు కొని కలపాల్సి వస్తోంది. కోళ్ల ఎరువులోని భాస్వరం నేలనూ, నీటినీ కలుషితం చేస్తోందన్న ఆందోళన తీవ్రంగా ఉన్న నెదర్లాండ్స్‌లో 1991లో తొలిసారి ఫైటేజ్‌ను మార్కెట్‌లోకి తెచ్చారు. ఒక జాతి బూజు నుంచి దాన్ని తయారు చేశారు.

లెక్క ఇలా ఉంటుంది. పదివేల గుడ్ల కోళ్లు ఒక్కొక్కటి రోజుకు 110 గ్రాముల చొప్పున తింటే నెలకు 33 టన్నుల దాణా కావాలి. కిలో దాణాకు 500 యూనిట్ల ఫైటేజ్ అందిస్తే సుమారు 0.1 శాతం భాస్వరం అదనంగా కోడికి దక్కుతుంది. డీసీపీలో భాస్వరం 18 శాతం కాబట్టి టన్నుకు అయిదున్నర కిలోల డీసీపీ తగ్గించవచ్చు. నెలకు ఇది 180 కిలోల పైమాటే. గ్రాముకు 5,000 యూనిట్లున్న పొడి అయితే టన్నుకు 100 గ్రాములు చాలు. డీసీపీతోపాటు తగ్గే కాల్షియాన్ని మాత్రం సున్నపురాయితో సరిచూసుకోవాలి. సున్నపురాయిని మెత్తని పొడిగా అతిగా వేస్తే అది ఫైటేట్‌తో కలిసి ఎంజైము పనికి అడ్డుపడుతుంది. గుడ్ల కోళ్లకు కొంత భాగం పలుకులుగా వేయడం మేలు.

చాలామంది రైతులు పొరపడేది ఇక్కడే. పాత దాణాను ఏమాత్రం మార్చకుండా పైన ఎంజైము చల్లి, ఫలితం కనిపించలేదని నిరాశ చెందుతారు. డీసీపీ తగ్గించనిదే ఆదా ఎక్కడి నుంచి వస్తుంది? ఇందుకు భిన్నంగా ఒకేసారి మొత్తం డీసీపీ మానేస్తే పెంకు పలచబడి, పంజరాల్లోని కోళ్లు కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది.

మన దినుసులకు ఏది?

గోధుమ, బార్లీ మేపే దేశాల్లో జైలనేజ్, బీటా గ్లూకనేజ్ ఎంజైములకు గొప్ప పేరుంది. ఆ గింజల్లోని పీచు పేగులో జిగురుగా మారి పోషకాలను అందనీయదు, రెట్ట పలచబడి లిట్టర్ తడుస్తుంది. మొక్కజొన్న, నూకలలో ఈ జిగురు స్వల్పం. కాబట్టి విదేశీ కరపత్రాల్లోని ఫలితాలను మన షెడ్డుకు యథాతథంగా అన్వయించుకోవడం సరికాదు.

జూరాల, కల్వకుర్తి ఎత్తిపోతల నీటితో వరి సాగవుతున్న ఈ జిల్లాల్లో రైసుమిల్లుల తవుడు సులువుగా దొరుకుతుంది. ఎంజైముల అసలు ఉపయోగం దానిలోనే. నూనె తీసిన తవుడులో భాస్వరం అధికం, అందులో అత్యధిక భాగం ఫైటేటే. పీచు కూడా ఎక్కువే. తవుడు, పొద్దుతిరుగుడు చెక్క, డిస్టిలరీల నుంచి వచ్చే గింజల పిప్పి వాడేవారు ఫైటేజ్‌తోపాటు పీచును విడగొట్టే ఎంజైములు కలిపితే ప్రయోజనం ఉంటుంది. అలాగని తవుడును ఇష్టానుసారం పెంచరాదు.

వేరుశనగ చెక్కలో బూజు వల్ల చేరే అఫ్లటాక్సిన్ విషాన్ని ఈ ఎంజైములు తొలగించవు. జొన్నలోని టానిన్లపైనా వీటి ప్రభావం ఉండదు. వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో వేరుశనగ చెక్క విరివిగా వాడేవారు ఈ సంగతి గమనించాలి.

కాంట్రాక్టు పద్ధతిలో బ్రాయిలర్లు పెంచేవారికి కంపెనీయే దాణా సరఫరా చేస్తుంది. వారు తమంతట తాముగా ఏదీ కలపవలసిన పని లేదు.

100 గ్రాముల పొడిని టన్ను దాణాలో నేరుగా వేస్తే సమంగా కలవదు. తొలుత కిలో మొక్కజొన్న పిండిలో, తర్వాత 20 కిలోలలో కలిపి, అనంతరం మిక్సర్‌లో వేయాలి. గుళికల దాణా తయారీలో వేడి 80 డిగ్రీలు దాటితే సాధారణ ఎంజైములు దెబ్బతింటాయి, వేడిని తట్టుకొనే రకాన్ని అడిగి తీసుకోవాలి. గద్వాల ఎండల్లో రేకుల షెడ్డు కింద సంచి తెరిచి ఉంచితే వేడి, తేమ తగిలి ఎంజైము శక్తి తగ్గుతుంది. కొనేటప్పుడు గ్రాముకు ఎన్ని యూనిట్లో, గడువు తేదీ ఎప్పుడో చూడకుండా ధర ఒక్కటే అడగడం తగదు.

మొత్తం మందకు ఒకేసారి మార్చకుండా ఒక వరుస పంజరాలకు నాలుగు వారాలు పెట్టి చూడటం ఉత్తమం. డజను గుడ్లకు పట్టిన దాణా, పగిలిన గుడ్ల సంఖ్య ప్రతిరోజూ పుస్తకంలో రాసుకొని పాత దాణా తినే వరుసతో పోల్చాలి. దాణా మోతాదులపై సందేహాలుంటే స్థానిక పశువైద్యాధికారిని గానీ, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయాన్ని గానీ సంప్రదించవచ్చు. వెళ్లేటప్పుడు తాము వాడుతున్న దినుసుల జాబితా, పాళ్లు, ఎంజైము సంచిపై ఉన్న చీటీ వెంట తీసుకెళ్లాలి.