రింగుల జుట్టు తప్పా?

ఉస్మాన్‌గంజ్ నుంచి బండి మీద కొంచెం దూరం వెళ్తే ఏసీ గార్డ్స్ వస్తుంది. ఏసీ అంటే చల్లగాలి మెషిన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ! నిజాం కాలంలో గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల వల్ల వచ్చిన పేరది. వాళ్ల వారసులు పక్కా హైదరాబాదీలే. అయినా జుట్టు చూసి "ఏ దేశం?" అని అడిగేవాళ్లున్నారు.

అమెరికాలో నల్లజాతి అమ్మాయిలదీ ఇదే బాధ. జుట్టు సహజంగా వదిలేస్తే స్కూల్లో, ఆఫీసులో అభ్యంతరం. అందుకే 2019లో కాలిఫోర్నియా క్రౌన్ యాక్ట్ తెచ్చింది: జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదు.

సైన్స్ సింపుల్. కుదురు వంకరగా ఉంటే జుట్టు రింగులు తిరుగుతుంది. తలలో ఊరే నూనె చివరిదాకా దిగదు, అందుకే పొడిగా ఉంటుంది. అది మురికీ కాదు, లోపమూ కాదు.

"దువ్వుకోలేదా?" అని సరదాకే అంటాం. రోజూ వినే అమ్మాయికి మాత్రం అద్దం చూసుకోవాలంటేనే భయం. అనేముందు ఒక్కసారి ఆగండి.